పాట దేవునిదే, మరి క్లెయిమ్ ఎవరిది?

తెలుగు క్రైస్తవ పాటలు విడుదల చేసే సంస్థల పెద్దలకు, చానెళ్లు నడిపే అన్నలకు, సంగీత దర్శకులకు, పాటల పుస్తకాలు అచ్చువేసేవారికి, పాస్టర్ల సహవాసాల నాయకులకు,

ప్రభువు నామంలో వందనాలు.

నేను ప్రకాశం జిల్లాలో, ఒంగోలుకు దగ్గరి ఒక పల్లెలో మిషను కుట్టుకుని బతికే మనిషిని. పదో తరగతి దాకా చదివాను. మా సంఘంలో స్త్రీల కూడికలో పాట ఎత్తుకునేది నేనే. 2003 నుంచి పాటలు కట్టుకుంటున్నాను. నాలుగు నోటు పుస్తకాల్లో 61 పాటలున్నాయి. వాటిలో 60 మా ఊరి పొలిమేర దాటలేదు. దాటాలని నేనూ కోరుకోలేదు. ఒకటి మాత్రం దాటింది. దాని గురించి మూడేళ్లుగా ఫోన్లు చేశాను, రిజిస్టర్ పోస్టులో ఉత్తరం పంపాను, మా మేనల్లుడి చేత మెయిలు పెట్టించాను, పాస్టర్ల సహవాసం మీటింగులో నిలబడి అడిగాను. ఎక్కడా జవాబు దొరక్క అందరికీ కలిపి ఈ బహిరంగ లేఖ రాస్తున్నాను.

జరిగింది ముందు చెబుతాను. 2015లో పొగాకు ధర పడిపోయింది. మా జిల్లావాళ్లకు ఆ ఏడాది గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో మాకు తెలుసు. మా ఆయన కౌలుకు వేసిన ఆకు వేలం కేంద్రంలో నోబిడ్ అయితే, అంటే ఎవరూ ధర పాడకపోతే, బేళ్లు మళ్లీ ట్రాక్టర్ ఎక్కించుకుని ఇంటికి తెచ్చుకున్నాం. ఆ రాత్రి అన్నం వండుదామని డబ్బాలో చెయ్యి పెడితే గ్లాసు అడుగుకి తగిలి గీసుకుంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. బైబిల్లో కరువు రోజుల్లో ఏలీయా ప్రవక్తకు రొట్టె చేసిపెట్టిన సారెపతు విధవరాలి తొట్టిలో తరగని పిండి గుర్తొచ్చింది. పొయ్యి దగ్గరే ఈ పల్లవి వచ్చింది:

అడుగంటిన నా బియ్యపు డబ్బాలో
అడుగు పెట్టిన ప్రభువా

మూడు చరణాలు వారం రోజుల్లో వచ్చాయి. బాణీ మా అమ్మ నాట్లలో పాడుకునే పాట నడకలో కుదిరింది. మా కూడికల్లో నాలుగేళ్లు పాడాం. 2019లో ఉజ్జీవ సభలకు వచ్చిన ఒక పాటల బృందం ఇది విని, "సిస్టర్, ఆశీర్వాదంగా ఉంది, మాకు పంపండి" అన్నారు. పాట పాడి వాట్సాప్‌లో వాయిస్ పంపాను. నోటు పుస్తకం పేజీ ఫొటో తీసి పంపాను. పేజీ కింద తేదీ, నా సంతకం కూడా ఉన్నాయి.

2021లో ఆ పాట ఒక పెద్ద చానెల్లో వచ్చింది. వయొలిన్లు, కోరస్, డ్రోన్‌తో తీసిన కొండలు. నిజం చెప్పొద్దూ, మొదటిసారి వింటుంటే కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. తర్వాత కింద పేర్లు చదివాను. సాహిత్యం, స్వరకల్పన అన్న చోట ఆ చానెల్ నడిపే సంస్థ నాయకుడి పేరుంది. పల్లవిలో "బియ్యపు డబ్బాలో" పోయి "జీవితములో" వచ్చింది. ఫోన్ చేస్తే ఒక తమ్ముడు, "డబ్బా అనే మాట ఆరాధనలో బాగోదమ్మా, అందుకే మార్చాం" అన్నాడు. పేరు గురించి అడిగితే, "పాట మనది కాదు కదమ్మా, దేవునిది. మహిమ ఆయనకే" అన్నాడు.

నాకు ఆ మాట నిజమే అనిపించి ఫోన్ పెట్టేశాను. ఏడాదిపాటు నోరెత్తలేదు.

2022లో మా సంఘం కుర్రాళ్లు ఆదివారం ఆరాధన ఫోన్‌తో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. అందులో మా స్త్రీలు అదే పాట పాడారు, డబ్బాతో సహా. రెండో రోజు కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. మా పాట మేం పాడుకున్న వీడియో మీద ఆ సంస్థ హక్కు చూపిస్తోంది. కుర్రాళ్లు అభ్యంతరం పెట్టారు. క్లెయిమ్ చేసినవాళ్లకు జవాబు చెప్పడానికి 30 రోజుల గడువుంటుంది. గడువు లోపలే జవాబు వచ్చింది: క్లెయిమ్ సరైనదే అని. ఇంకా పోరాడి అప్పీలుకు వెళ్తే, వాళ్లు వీడియో తీసేయించి, మా చానెల్ మీద స్ట్రైక్, అంటే తప్పు చేసినట్టు యూట్యూబ్ వేసే గుర్తు, వేయించవచ్చు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే చానెలే పోతుంది. మా సంఘం పాస్టరు అయ్యగారు భయపడి వీడియో తీసేయించారు.

నాకు ఆ రోజు అర్థమైంది. పేరు అడిగినప్పుడు పాట దేవునిదైంది. క్లెయిమ్ వేసేటప్పుడు సంస్థదైంది.

అందరూ ఇలాగే ఉన్నారని నేను అనను. పల్లెటూరి రచయిత పేరు, ఊరు తెర మీద వేసి, పాటతోపాటు ఆ మనిషి సాక్ష్యం కూడా వినిపించే చానెళ్లు ఉన్నాయి. తప్పులు మావైపూ ఉన్నాయి. సినిమా బాణీకి దేవుని మాటలు అతికించి "నా పాట" అని చెప్పుకునేవాళ్లు మాలో ఉన్నారు. ఒకే వాక్యం చదివిన ఇద్దరికి ఒకేలాంటి పల్లవి రావడమూ ఉంటుంది, అది దొంగతనం కాదు. నేను చెప్పేది వాటి గురించి కాదు. తెలిసి, అడిగి తీసుకుని, పేరు చెరిపేసిన పాటల గురించి. నా కథ బయటపెట్టాక మా చుట్టుపక్కల సంఘాల నుంచే ఏడుగురు ఇలాంటి సంగతులు చెప్పారు. అందులో ఐదుగురు ఆడవాళ్లు.

దీనివల్ల మాలాంటి మామూలు విశ్వాసులకు ఏం జరుగుతోందో వరుసగా రాస్తున్నాను.

1. పాటలు ఆగిపోతున్నాయి. మా పక్క ఊళ్లో పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లే ఒక పెద్దమ్మ ఉంది. చదువు రాదు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఆమె కట్టే పాటలు వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఇంతకుముందు అడగ్గానే పాడేది. ఇప్పుడు కూడికలో ఎవరి చేతిలోనైనా ఫోన్ కనిపిస్తే నోరు మూసుకుంటుంది. "పట్టుకుపోతారే" అంటుంది. ఆమె పాటలు ఎవరూ రాసి పెట్టలేదు. ఆమెకు డెబ్భై దాటాయి. 1878 జూలైలో మా ఒంగోలు ప్రాంతంలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మిషనరీల చరిత్రలో గొప్పగా రాసుకున్నారు. ఆ 2,222 మందిలో ఎక్కువమంది అక్షరం రాని మాదిగ కుటుంబాలవాళ్లు. వాళ్ల ఇళ్లల్లోకి వాక్యం వెళ్లింది పుస్తకంగా కాదు, పాటగా. అలాంటి చోట ఒక ముసలామె పాడటానికి భయపడుతోందంటే అది చిన్న సంగతి కాదు.

2. మాట మారితే పాట మారుతుంది. "అడుగంటిన జీవితం" ఎవరికైనా ఉంటుంది, ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకి కూడా. అడుగంటిన బియ్యపు డబ్బా మాకే ఉంటుంది. సారెపతు విధవరాలు ఏలీయాతో జీవితం గురించి మాట్లాడలేదు. పిండి ఎంత ఉందో, నూనె ఎంత ఉందో చెప్పింది. మా కూడికలో ఆ పల్లవి దగ్గర ఏడ్చిన ఆడవాళ్లు డబ్బా అన్న మాట దగ్గరే ఏడ్చారు. ఇప్పుడు మా ఊరి పిల్లలే చానెల్లో విన్నట్టు "జీవితములో" అని పాడుతున్నారు. నేను సరిచేస్తే, "ఒరిజినల్‌లో అలా లేదు అత్తా" అంటున్నారు.

3. చిన్న సంఘాల ఆరాధన మూగబోతోంది. మా వీడియోలు చూసేది మహా అయితే వందమంది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ పనులకు వెళ్లినవాళ్లు, కువైట్‌లో ఇళ్లల్లో పనిచేస్తూ ఆదివారం గుడికి వెళ్లే సెలవు దొరకని అక్కాచెల్లెళ్లు, మంచాన పడ్డవాళ్లు. క్లెయిములకు భయపడి మా కుర్రాళ్లు ఇప్పుడు పాటలన్నీ కత్తిరించి ప్రసంగం మాత్రమే పెడుతున్నారు. ఇంకో విచిత్రం చూడండి. మన పాత క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తము చౌధరి గారు 1890లో ప్రభువు దగ్గరికి వెళ్లారు. రచయిత చనిపోయాక 60 ఏళ్లకు పాట మీద కాపీరైట్ తీరిపోతుందని చట్టం. ఆయన కీర్తన మేము కంజీర, డోలక్‌తో పాడుకుంటే దానికీ క్లెయిమ్ వచ్చింది, ఎవరో కొత్తగా మ్యూజిక్ చేసి విడుదల చేశారట. మీ రికార్డింగు మీది. ఆ కీర్తన ఎలా మీదైంది?

4. డబ్బున్నవాళ్ల పాటే పాట అవుతోంది. "మీ పాటకి ట్రాక్ చేసి, వీడియో తీసి పెడతాం, 45 వేలవుతుంది" అని నన్నే ఒక స్టూడియోవాళ్లు అడిగారు. నేను ఒక జాకెట్టు కుడితే వచ్చేది ఎంతో మీ ఇంట్లో ఆడవాళ్లని అడగండి. మా మండలంలో ఒక తమ్ముడు భార్య గొలుసు తాకట్టు పెట్టి పాట చేయించుకున్నాడు. చివరికి చూస్తే ఆ పాట స్టూడియో చానెల్లో ఉంది, కాగితం ముక్క ఏదీ లేదు, గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది.

5. పేరు అడిగితే గర్వం అంటున్నారు. ఈ మాటే నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. బైబిల్లో కీర్తనల గ్రంథం తెరవండి. ఇది దావీదుది, ఇది ఆసాపుది, ఇది కోరహు కుమారులది అని పైన రాసి ఉంటుంది. 90వ కీర్తన మీద మోషే పేరుంది. రోమీయులకు రాసిన పత్రిక పౌలుది, కానీ ఆయన చెబుతుంటే కలం పట్టి రాసిన తెర్తియు పేరు కూడా 16వ అధ్యాయంలో ఉంది. పరిశుద్ధాత్మ ఒక రాతగాడి పేరు కూడా చెరపలేదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చూడండి, రాగం, తాళంతోపాటు రాసినవారి పేరు వేశారు. వాళ్లంతా గర్విష్ఠులా? తెలుగునేల మీద పాటకి ముద్ర పెట్టడం పాత అలవాటే, త్యాగరాజు తన కీర్తన చివర తన పేరు పెట్టుకుంటే ఆ భక్తి తగ్గిందని ఎవరూ అనలేదు. పేరుంటే పాట ఎవరి బతుకులోంచి వచ్చిందో తెలుస్తుంది. అసలు, పేరు గర్వమైతే మీ థంబ్‌నెయిల్ మీద అంత పెద్ద ఫొటో ఎందుకు అన్నా?

చట్టం సంగతి మా మేనల్లుడు చదివి చెప్పాడు, ఒంగోలులో ఒక వకీలు గారిని కూడా అడిగాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసిన క్షణం నుంచే హక్కు రాసినవారిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే కాగితం మీద రాసి సంతకం చేయాలి. వాట్సాప్‌లో వాయిస్ పంపడం హక్కు రాసివ్వడం కాదు. ఆ కాగితంలో ఎంతకాలం అని రాయకపోతే 5 సంవత్సరాలే, ఎక్కడ అని రాయకపోతే భారతదేశం వరకే. హక్కు అమ్మేసుకున్నా కూడా రాసింది నేనని చెప్పుకునే హక్కు, పరువుకు భంగం కలిగేలా పాటని మారిస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద నా దగ్గరే ఉంటాయి. 2012 సవరణ తర్వాత రాయల్టీలో సమాన వాటా కూడా రచయితకి ఉంది. ఇంకో ముఖ్యమైన సంగతి, మీలో కొందరు చిన్న సంఘాలను భయపెట్టడానికి దీన్ని దాచిపెడుతున్నారు: నిజమైన మత కార్యక్రమంలో పాట పాడుకోవడం కాపీరైట్ ఉల్లంఘన కాదని 52వ సెక్షన్‌లోనే ఉంది. గుడిలో ఎవరి పాటైనా ఎవరైనా పాడొచ్చు. ఆన్‌లైన్‌లో పెట్టడం వేరే సంగతి, అందుకే మిమ్మల్ని అడగాల్సి వస్తోంది.

విశ్వాసులు కోర్టుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు. వకీలు గారు నోటీసు ఇద్దామన్నారు, నేనే వద్దన్నాను. కానీ ఇష్టం లేకపోవడం వేరు, హక్కు లేకపోవడం వేరు.

మేము అడుగుతున్నవి ఇవి.

1. మీ చానెళ్లలో ఇప్పటికే ఉన్న పాటల కింద, రాసినవారు, బాణీ కట్టినవారు ఎవరో తెలిసిన ప్రతిచోటా వారి పేర్లు పెట్టండి. కొత్త వీడియో అక్కర్లేదు, కింద రెండు లైన్లు సరిచేస్తే చాలు, పది నిమిషాల పని. పాటల యాప్‌లలో కూడా మార్పించండి. మీకు తెలియకపోతే "రచయిత తెలియదు, తెలిసినవారు చెప్పండి" అని రాయండి. తెలియని చోట మీ పేరు వేసుకోవద్దు.

2. సంఘాల ఆరాధన వీడియోల మీద వేసిన క్లెయిములు ఎత్తేయండి. ఇకముందు వేయకండి. మీ ఆడియో ఫైలునే దింపుకుని ఎవరైనా మళ్లీ ఎక్కించి డబ్బు చేసుకుంటే వాళ్లమీద వేసుకోండి, అది న్యాయమే. గొంతుతో, డోలక్‌తో పాడుకునేవాళ్ల జోలికి రావద్దు. కంటెంట్ ఐడీ, అంటే పాటను గుర్తుపట్టి దానంతటదే క్లెయిమ్ వేసే యూట్యూబ్ ఏర్పాటు, పెద్ద చానెళ్లకు, పెద్ద కంపెనీలకే దొరికే పనిముట్టు, మా చేతికి రాదు. మీ చేతిలో ఉన్నదాన్ని మామీద వాడటం ఏం బాగుంది?

3. పాట తీసుకునేటప్పుడు ఒక్క పేజీ కాగితం తెలుగులో రాయండి. పాట ఎవరిది, దేనికి వాడతారు, ఎంతకాలం, డబ్బు వస్తే ఎంత వాటా, రాసినవారి సంఘం దాన్ని ఎప్పుడైనా ఉచితంగా పాడి పెట్టుకోవచ్చా. రెండు కాపీలు, ఒకటి మాకు. నాలాంటివాళ్లు చాలామంది వాటా అడగరు, ఉచితంగానే ఇస్తారు. ఇచ్చామన్న సంగతి రాసి ఉండాలి కదా.

4. మాట మార్చాలనిపిస్తే ఫోన్ చేయండి. ఛందస్సు కుదరకపోతే, వాక్యానికి విరుద్ధంగా ఉంటే మేమే మార్చి ఇస్తాం. డబ్బా వద్దంటే ఎందుకు ఉండాలో చెప్పే అవకాశం నాకు ఇచ్చి ఉండాల్సింది.

5. ట్రాక్ చేయించుకోవడానికి డబ్బు తీసుకునే స్టూడియోలు మొత్తం ఖర్చెంతో, ఏమేం ఇస్తారో ముందే రాసివ్వాలి. డబ్బు మేం పెట్టినప్పుడు పాట మా చేతికి రావాలి.

6. పాస్టర్ల సహవాసాలకు ఒక మనవి. ప్రతి మండలంలో ఒక పాటల రిజిస్టరు పెట్టండి. పాట మొత్తం, రాసిన తేదీ, రచయిత సంతకం లేదా వేలిముద్ర, ఇద్దరు సాక్షులు, ఒక వాయిస్ రికార్డింగు. పెళ్లిళ్ల రిజిస్టరు పెట్టుకుంటున్నాం, బాప్తిస్మాల రిజిస్టరు పెట్టుకుంటున్నాం, ఇదేం కష్టం? చదువు రానివాళ్ల పాటలు యూత్ పిల్లల చేత రాయించండి. సంవత్సరానికి ఒక సాయంత్రం ఆ పాటలు ఆ మనుషుల చేతే పాడించండి. మైకు పెద్దపెద్ద అతిథులకే ఇవ్వక్కర్లేదు.

7. పాటల పుస్తకాలు అచ్చువేసే పెద్దలు తర్వాతి ముద్రణలో ప్రతి పాట కింద పేరు, ఊరు వేయండి. మన పాత పుస్తకాలు చూసి నేర్చుకుంటే చాలు.

నాలా రాసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా ఒక మాట. పాట ఎవరికైనా పంపేముందు తేదీ వేసి పేజీ ఫొటో తీసుకోండి, ఆ ఫొటో మీ మెయిలుకే మీరు పంపుకోండి. పంపిన వాట్సాప్ మెసేజీలు చెరపకండి. స్తోమత ఉంటే రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఒక్కో రచనకి ఫీజు 500 రూపాయలు (సాహిత్యం, బాణీ వేర్వేరు రచనలు), ఆన్‌లైన్‌లో కట్టొచ్చు. ఎవరైనా పాడుకుంటామంటే కాదనకండి. పాడనివ్వండి, పేరు మాత్రం అడగండి.

పేరు కోసం ఇంత రాసి చివర నీ పేరేదమ్మా అని అడుగుతారు. ఆ సంస్థ పేరు కూడా నేను ఇందులో రాయలేదు, గమనించే ఉంటారు. పదిమందిలో ఎవరినీ నిలబెట్టి సిగ్గుపరచాలని లేదు. నా పేరు, ఊరు, ఫోన్ నంబరు, నోటు పుస్తకం పేజీ నకలు ఆ సంస్థకు పంపిన రిజిస్టర్ ఉత్తరంలో ఉన్నాయి. అందినట్టు వాళ్ల ఆఫీసు సంతకంతో వచ్చిన కార్డు నా మిషను డ్రాయరులో భద్రంగా ఉంది. ఈ లేఖ వెలువడిన రోజు నుంచి 30 రోజులు చూస్తాను. క్లెయిమ్ మీద జవాబు చెప్పడానికి మీకిచ్చే గడువు కూడా అంతే. ఈలోగా మాట్లాడాలనుకుంటే ఏ రోజైనా ఫోన్ చేయండి. ఆదివారం మధ్యాహ్నం దాకా మాత్రం కూడికలో ఉంటాను.

ఇట్లు,
మిషను కుట్టుకునే ఒక విశ్వాసి,
ప్రకాశం జిల్లా